పక్కింటి సాక్షి

ఎనిమిదేళ్ళుగా ఒక వాక్యం మోస్తున్నాను. నేనే టైపు చేసిన వాక్యం. బర్మీస్‌లో ఒకటిన్నర లైను, అంతే. దాని కింద ఒక ఆడమనిషి నలిగిపోయింది. ఆమె నిజం చెప్పింది, నేను అబద్ధం రాశాను, అందరూ నా కాగితాన్నే నమ్మారు. ఇంతకంటే పొడుగ్గా మొదలుపెడితే సాకులు వచ్చేస్తాయి. అందుకే ముందే చెప్పేశాను.

నా పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను. మీరెవరో నాకు తెలీదు. తెలుగు చదవగలిగినవాళ్ళని మాత్రం తెలుసు. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మావాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే తగ్గిపోతున్నారు, చదివేవాళ్ళయితే వేళ్ళ మీద లెక్క. చర్చిలో ఆదివారం బడి పుణ్యమా అని నాకు నాలుగక్షరాలు వచ్చాయి. బర్మీస్‌లో రాస్తే నలుగురూ చదువుతారు కదా అంటారేమో. ఆ అబద్ధం నేను తెలుగు చాటున ఆడాను. ఎవరికీ తెలుగు రాదన్న ధీమాతో ఆడాను. కాబట్టి తెలుగువాళ్ళ ముందే విప్పుతాను.

క్షమించమని మాత్రం అడగను. అది అడగాల్సిన మనిషి వేరే ఉంది, ఆమెనీ అడగలేదు.

మా ఇల్లు తామ్వేలో. ఆఫీసు సంచౌంగ్‌లో ఉండేది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. బజారు వెనక మూడో అంతస్తులో రెండు గదులు, బోర్డు లేదు. కొండల్లో ఒక ప్రాంతం ఉంది. ఏదో రాయను. మాదంటే మాదని రెండు సైన్యాలు కొట్టుకునే చోటు. అక్కడ ఎవరిని కొట్టారు, ఎవరిని పట్టుకుపోయారు, ఎవరి ఇల్లు తగలబెట్టారు, ఇవన్నీ అక్కడి నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ళ నోట విని రాసిపెట్టడం మా పని. నేను రికార్డు చేసేదాన్ని, విని టైపు చేసేదాన్ని, అసలు పేర్ల నోటు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. అందరం సయా అని పిలిచే మా పెద్దాయన రిపోర్టు రాసేవారు. సయా అంటే గురువు గారు అన్నట్టు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. దాన్ని 'రెండు నోళ్ళు' అనేవాళ్ళం. ఏ సంగతైనా రిపోర్టులోకి ఎక్కాలంటే చూసినవాళ్ళు ఇద్దరు చెప్పాలి, వేరువేరుగా చెప్పాలి, ఒకళ్ళతో ఒకళ్ళు అనుకుని రాకూడదు. ఒక్కరే చెబితే ఆ కాగితం రేకు పెట్టెలోకి పోయేది. నియమం మంచిదే. ఆ పెట్టె నిండిపోతుంటే చూడలేకపోయేదాన్ని.

అప్పలమ్మ ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. ఆ కొండ ప్రాంతంలో ఒక రైలు స్టేషను ఊరు ఉంది. తెల్లదొరల కాలంలో ఇక్కడ రేవులో మూటలు మోయడానికి వచ్చిన తెలుగువాళ్ళలో కొందరు అప్పట్లోనే పట్టాల పనికి అక్కడికి పోయారు. అప్పలమ్మ వాళ్ళ సంతతి. మాలా చర్చివాళ్ళు కాదు, అమ్మవారిని కొలిచేవాళ్ళు. గుర్తింపు కార్డులో ఆమె పేరు డౌ ఖిన్ మ్యా, ఇంట్లో అప్పలమ్మ. డౌ అంటే శ్రీమతి అన్నట్టు. ఇక్కడ మాకందరికీ అంతే కదా, కార్డుకొక పేరు, అమ్మ పిలవడానికొక పేరు. కూతుర్ని వెంటబెట్టుకుని తామ్వేలో చుట్టాలింటికి పారిపోయి వచ్చింది. నేను ఇలాంటివి రాసే చోట పని చేస్తానని ఎవరో చెప్పారట.

ఆమె భర్త వడ్రంగి. ఒకరోజు పొద్దున సైనికులు ముగ్గురు వచ్చారు. ఆమె కిటికీ దగ్గర బియ్యం కడుగుతోంది. అతన్ని బయటికి పిలిచి, బియ్యం బస్తా భుజాన వేసి, పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిపించారు. సంతలో ఎద్దుని చూసినట్టు చూశారట. మోస్తాడని తేల్చుకుని తీసుకుపోయారు. మందుగుండు మోయించడానికి. మళ్ళీ రాలేదు. బతికున్నాడో లేదో ఇప్పటికీ తెలీదు.

ఆఫీసుకి తీసుకెళ్ళి బర్మీస్‌లో వాంగ్మూలం తీసుకున్నాను. భర్త పేరు అడిగితే నోట పలకలేదు. ఇంటి జాబితా కాగితం తీసి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించింది. సయాకి అర్థం కాలేదు. మావాళ్ళు మొగుడి పేరు పలకరని నేను చెప్పాను. ఆయన నవ్వి రాసుకున్నారు. ఆ తర్వాత ఆదివారం ఆమె మా ఇంట్లో కూర్చుని అదంతా తెలుగులో మళ్ళీ చెప్పుకుంది. బర్మీస్‌లో ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చింది. ఇంకేమైనా వివరాలు దొరుకుతాయేమోనని అదీ రికార్డు చేశాను. అప్పటికి నా మనసులో ఏ పాపమూ లేదు. ఈ మాట మీరు నమ్మాలని ఉంది, నమ్మకపోయినా చేయగలిగిందేమీ లేదు.

సయా అన్నీ చూసి రెండో నోరు లేదన్నారు. ఎవరో ఒకరు చూసి ఉంటారు, దొరికే దాకా పెట్టెలో ఉంచు అన్నారు. రిపోర్టు పంపడానికి రెండు వారాలే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. భార్య కళ్ళారా చూసింది, ఆ నోరు చాలదా? ఇన్నేళ్ళలో ఎవరెవరి చావులో టైపు చేశాను, మన తెలుగువాడి ఊసు ఒక్కసారైనా ఆ రిపోర్టులోకి ఎక్కలేదు, ఈ ఒక్కడూ పెట్టెలో పడి పాత కాగితమైపోవాలా అనుకున్నాను. అది న్యాయమైన కోపమే. కానీ కోపం ఒక్కటేనా? సయా అప్పుడప్పుడు 'నువ్వు లేకపోతే ఈ ఆఫీసు నడవదు' అనేవారు. రెండో నోరు నేనే వెతికి తెచ్చానంటే ఇంకోసారి అంటారని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. ఎంత కోపం, ఎంత ఆశ? ఎనిమిదేళ్ళుగా తూస్తున్నాను, ఒక్కో రోజు ఒక్కోలా తూగుతుంది.

ఆదివారం టేపు మళ్ళీ విన్నాను. మొత్తం టేపులో 'నా భర్త' అన్న మాట ఒక్కచోట లేదు. 'ఆయన' అంటుంది. 'బుల్లి అయ్య' అంటుంది, అంటే కూతురి తండ్రి అని. మన ఆడవాళ్ళు మాట్లాడే తీరే అది. తెలుగు రానివాడికి అది బర్మీస్‌లో పెడితే, చెప్పే మనిషి భార్యే అయ్యుండక్కర్లేదు. పక్కింటావిడ కూడా అలాగే అంటుంది, ఆ పిల్ల తండ్రిని పట్టుకుపోయారని. నేను పెద్దగా మార్చిందేమీ లేదు. 'మా కిటికీ'లో 'మా' తీసేశాను. 'మా పెరడు' అన్నచోట 'వాళ్ళ పెరడు' అని పెట్టాను. ఏడుపులు వదిలేశాను. పైన సాక్షి అన్నచోట 'అప్పలమ్మ, పక్క ఇంటి స్త్రీ' అని రాశాను. కార్డు పేరుతో ఒక నోరు, ఇంటి పేరుతో ఇంకో నోరు. ఆఫీసులో తెలుగు తెలిసింది నేనొక్కదాన్నే.

రెండో సాక్షి ఇంకా ఆ ఊళ్ళోనే ఉందా అని సయా అడిగారు. మామూలుగా అడిగేదే. సాక్షి ఆ ఊరు దాటి వస్తేనే అచ్చు వేసేవాళ్ళం. దాటి వచ్చింది, ఇక్కడే ఉంది అన్నాను. ఒక రకంగా అదీ నిజమే అనుకున్నాను. చూశారా, నా తెలివి? సయా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. బస్తా, పెరడు, రెండుసార్లు నడిపించడం, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇంత బాగా కలిసిన వాంగ్మూలాలు ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నారు.

నేను అడగనిది ఒకటుంది. అందరి పేర్లూ ఊళ్ళూ దాచడం నా ఉద్యోగం. బావి పక్కన ఇల్లు అని రాస్తే ఊళ్ళో బావులెన్ని అని అడిగేదాన్ని, కుంటివాడు అని రాస్తే కొట్టేయించేదాన్ని. అంత జాగ్రత్త. ఈ కేసులో మాత్రం, మీ ఇంటి పక్కన ఇళ్ళెన్ని అని అప్పలమ్మని అడగలేదు. లేని మనిషికి జాగ్రత్త ఎందుకనిపించింది. అప్పలమ్మ ఇల్లు ఆ వరసలో చివరిది. పక్కిల్లు ఒక్కటే.

ఆ ఇంట్లో డౌ న్వే అని ఒక విధవరాలు కుట్టుపని చేసుకుంటూ ఒంటరిగా ఉండేది. పేరు మార్చాను. సైనికులు వడ్రంగి కోసం వచ్చిన రోజు ఆమె ఊళ్ళోనే లేదు, చెల్లెలి పురిటికి వెళ్ళింది. రిపోర్టు వచ్చిన రెండు నెలలకి సైనికులు ఆమెని తీసుకుపోయారు.

ఆ కబురు నాకు తెచ్చింది అప్పలమ్మే. మధ్యాహ్నం, అన్నాలైపోయిన వేళ. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"అప్పా, ఇన్నావా? మా పక్కింటి డౌ న్వేని తీసుకుపోనారంట."

"నీకెవులు సెప్పినారు?" అన్నాను.

"టేసను కాడ టీ కొట్టు మావ పోను సేసినాడు. పుస్తకంలో పక్కింటి మనిసి సాచ్చం ఉందంట గదా. బుల్లి అయ్యని అట్టుకుపోనప్పుడు సూసినానని సెప్పిందంట. నీకే గదా సెప్పుంటాది?"

ఆమె నా మౌనాన్ని ఆఫీసు రహస్యం అనుకుంది.

"సెప్పకునే, మీకు సెప్పకూడదు గదా. ఆవిడితో నీల్ల పంపు కాడ నాకు రోజూ తగువే, అప్పా. మూడేల్లు మాటల్నేవు. అలాటి మనిసి మా కోసం ఇంత పని సేసినాది. ఆవిడికి నానేటి సెయ్యగల్ను, సెప్పు?"

"నువ్వేటీ సెయ్యక్కర్నేదు" అన్నాను. "నీల్లు తాగు, కూకో."

నోరు తెరవడానికి అదే సమయం. ఆ గుమ్మంలోనే. ఆమె కూర్చుని నీళ్ళు తాగినంతసేపూ నాకు సమయం ఉంది. చెప్పి ఉంటే ఏమయ్యేది? అప్పలమ్మ తిట్టేది, సయా నన్ను పంపేసేవారు, ఎవరో ఒకరు ఆ ఊరికి మనిషిని పంపి ఆమె కాదని చెప్పించే దారి వెతికేవారేమో. దొరికేదో లేదో. వెతికేవాళ్ళైతే ఉండేవాళ్ళు. నేను గ్లాసు తీసుకెళ్ళి కడిగి పెట్టాను.

డౌ న్వేని తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఏం చేశారో ఆమె ఎవరికీ చెప్పలేదు, నేను ఊహించి రాయను. తను ఎవరికీ ఏమీ చెప్పలేదని, ఆ వారం తను ఊళ్ళోనే లేనని తొమ్మిది రోజులూ చెప్పిందట. వదిలేసరికి ఆమె ఇంటికి వాళ్ళు వేసిన తాళం ఉంది. కుట్టుమిషను కూడా బయటికి రాలేదు.

ఈ సంగతి ఆఫీసుకి చేరింది. సాక్షి దొరికిపోయిందట, ఏమీ చెప్పలేదంటోందట అన్నారు. ఆమె ఇక్కడే ఉందన్నావుగా అని సయా నన్ను అడిగారు. తిరిగి వెళ్ళిపోయింది అన్నాను. ఆయన ఫైలు ముందుకు లాక్కున్నారు. తర్వాత ఒక వాక్యం చెప్పారు, నేను టైపు చేశాను. 'రెండవ సాక్షి నిర్బంధంలో ఒత్తిడికి లొంగి తన వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నది.' మొదట్లో చెప్పిన ఒకటిన్నర లైను ఇదే. తప్పు పడితే దిద్దాను కూడా.

ఆలోచించండి. సైన్యం దృష్టిలో ఆమె తమ మీద సాక్ష్యం చెప్పిన మనిషి. మా ఫైల్లో ఆమె చెప్పి భయపడి వెనక్కి తగ్గిన మనిషి. అసలు నోరే తెరవని మనిషిని రెండు వైపులా కలిసి అబద్ధాలకోరుని చేశాం. ఆమె మాట అప్పలమ్మ కూడా నమ్మలేదు. కొన్నాళ్ళకి ఆమె నంబరు సంపాదించి ఏటా థింజాన్ కొత్త సంవత్సరం పండక్కి ఫోను చేసేది. నేనేమీ చెప్పలేదని డౌ న్వే ప్రతిసారీ అనేదట. 'పోన్లో బయం గదా, అప్పా' అని అప్పలమ్మ నాతో అంటూ జాలిపడేది. అమ్మవారి గుడిలో ఆమె పేరు మీద దీపం పెట్టించేది. నేను విని తలూపేదాన్ని. మొన్న వానాకాలంలో అప్పలమ్మ పోయింది. ఆమెకి నిజం చెప్పే అవకాశం పోయింది. అది నేను చేజేతులా పోగొట్టుకున్నదే.

ఇంతకాలం ఎందుకు దాచావు అంటే, నా దగ్గర మంచి జవాబు ఒకటి ఉండేది. బయటపడితే ఆ రిపోర్టంతా కట్టుకథ అంటారు, మిగతా కేసులన్నీ కొట్టుకుపోతాయి, అందరి కోసం నోరు మూసుకున్నాను. వినడానికి ఎంత బాగుందో చూడండి. నేను చాలా ఏళ్ళు దాని మీదే పడుకున్నాను. దాని అడుగున ఉన్నది వట్టి భయం, ఉద్యోగం పోతుందని, పరువు పోతుందని. అయితే ఆ జవాబు పూర్తిగా అబద్ధమా అంటే అదీ కాదు. అలా అనేవాళ్ళు ఉన్నారు, ఆ సైన్యంలోనే ఉన్నారు. ఈ కాగితం వాళ్ళ చేతికి చిక్కితే పండగ చేసుకుంటారు.

వాళ్ళతో ఒక్క మాట. చేసుకోండి. కానీ సరిగ్గా చదివి చేసుకోండి. పక్కింటి సాక్షి అబద్ధం, అది నా పని. ఆ వడ్రంగిని ఆ పెరట్లో బస్తా మోయించి చూసి తీసుకుపోయింది నిజం, అది మీ పని. నేను నా పేరు పెట్టి ఒప్పుకున్నాను. మీలో ఒక్కరైనా రండి, ఆయన్ని ఎక్కడ వదిలేశారో పేరు పెట్టి చెప్పండి. నా తప్పు చూపించి మీ తప్పు చెరుపుకుంటామంటే ఊరుకోను. నేను అబద్ధమాడినదాన్నే, అయినా ఊరుకోను.

అప్పలమ్మ పోయాక ఆమె ఫోనులో డౌ న్వే నంబరు దొరికింది. ఊరి చివర మింగళాడోన్ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుడుతోంది, అక్కడే గది తీసుకుని ఉంటోంది. ఒక కాగితం బర్మీస్‌లో రాశాను. ఏం చేశానో వరసగా, ఒక్క విశేషణం లేకుండా. కింద కార్డు పేరూ రాశాను, ఇంటి పేరూ రాశాను, సంతకం పెట్టాను. ముందు సయాకి చూపించాను. ఆఫీసు మూసేసి చాలా కాలమైంది, ఫైళ్ళన్నీ ఆయన మంచం కింద రేకు పెట్టెల్లో ఉన్నాయి. చదివి ముసలాయన కళ్ళజోడు తీసేశారు. ఇప్పుడు కాదు, రోజులు బాగుపడనీ అన్నారు. ఇంకెప్పటికి బాగుపడతాయి, డౌ న్వేకి యాభై ఐదేళ్ళు అని చెప్పి వచ్చేశాను. ఆయనకి ఎదురు మాట్లాడడం అదే మొదటిసారి.

ఆదివారం, ఫ్యాక్టరీ సెలవు రోజు, బస్సెక్కి వెళ్ళాను. తలుపు ఆమే తీసింది. నేనెవరో చెప్పి కాగితం ఇచ్చాను. నోటితో ఏదైనా చెప్పబోతే చెడిపోతుందని మాట్లాడలేదు. నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననిపించింది కూడా. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఇదొక్కటే అన్నాను. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. తమ్ముడు. ఆమె నోటిదురుసు వల్ల తన ఉద్యోగం పోయిందని ఎనిమిదేళ్ళుగా మాట్లాడడం లేదట. చెల్లెలు. చెల్లెలి అత్తగారు. ఆడపడుచు. పాత ఊరి మఠంలో పెద్ద భిక్షువు. టీ కొట్టాయన. ఏడు కావాలంది.

బస్టాపు దగ్గర కాపీలు తీసే కొట్టు ఉంది. ఏడు తీయించాను. నకలు సంతకం చాలదనిపించి ప్రతి దాని మీదా మళ్ళీ పెన్నుతో పెట్టాను. రోడ్డు మీద అలా నిలబడి నా పేరు ఏడుసార్లు రాస్తుంటే, చెప్పడానికి సిగ్గే, గుండె మీంచి ఏదో జారిపోయింది. అంత హాయి నాకు రాసిపెట్టి లేదు. అయినా వచ్చింది, రానీ అనుకున్నాను.

తిరిగి వెళ్ళి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టి చూసుకుంది. తను చదివిన మొదటి కాగితం, ఇంకో ఆరు ఉంచుకుని, ఒకటి నా చేతికి తిరిగిచ్చేసింది. ఇది మీ ఫైలుకి అంది. తలుపు వేసుకుంది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను తాగలేకపోయేదాన్ని.

నిన్న సయా ఇంటికి వెళ్ళాను. ఆయన వద్దనలేదు, సరే అనలేదు. పెట్టె నేనే లాగి ఆ ఫైలు తీశాను. ఒకటిన్నర లైను అలాగే ఉంది. కొట్టేయలేదు. దాని కింద ఖాళీలో పెన్నుతో రాశాను. ఈ స్త్రీ మాకు ఏమీ చెప్పలేదు. వెనక్కి తీసుకోవడానికి ఆమె దగ్గర ఏ మాటా లేదు. మొదటి రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా, ఆ తర్వాత ఎనిమిదేళ్ళూ, ఆమె చెప్పింది ఒకటే, అది నిజం.